సెరఫీనా బాణీ

మా ఊళ్ళో చచ్చినవాళ్ళకు ఒక హక్కుంది. యూనియన్ కొట్లాడి తెచ్చింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది. ఆ ఏడు పోయినవాళ్ళలో ఒకరి పేరు మీద బ్యాండును నడిపే మాయెస్త్రో కొత్తగా ఒక శోకబాణీ కడతాడు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం వ్యాకుల మాత విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ రేవు వీధుల్లో తిప్పేటప్పుడు ఊరేగింపు ఆ ఇంటి ముందు ఆగుతుంది. బాణీ మొదటిసారి అక్కడే వినిపించాలి. తర్వాత అది ఊరందరిదీ. పోయినవాడు వలలు కుట్టేవాడైనా సరే, నోటరీ అయినా సరే. బతికుండగా మొహం చూడనివాళ్ళు కూడా టోపీ తీసి నిలబడతారు.

రోము పెద్దలకు ఇటలీ దక్షిణాన ఉన్న మా పూల్యా అంటే నూనె, ద్రాక్ష, చవక కూలి. ఈ బాణీల సంగతి వాళ్ళకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, తెలిస్తే దీని మీదా పన్ను వేస్తారు.

బాణీలు కట్టేది మా అన్న పాంతలేయో. అతనికి ముందు మా నాన్న కట్టేవాడు. నా పేరు ఇమ్మా, పెద్ద డ్రమ్ము వాయిస్తాను. ఈస్టర్ ముందు తపస్సు కాలమంతా దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంచుతాం, దెబ్బ కొడితే దూరాన ఎవరో తలుపు మూసినట్టు వినపడుతుంది. నాకు స్వరాలు చదవడం రాదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది, మిగతాదంతా ద్రాక్ష ప్యాకింగ్ షెడ్డు గేటు ముందు సమ్మెల్లో నేర్చుకున్నాను. డ్రమ్ము ఎప్పుడు కొట్టాలో అన్న కనుబొమ్మ చెబుతుంది. అది చాలు.

అన్న పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ.

నా మొగుడు కొరాడో చనిపోయిన ఏడు, తపస్సు కాలం మొదలయ్యే బూడిద బుధవారం వెళ్ళాక ఒక పొద్దున మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. చూస్తే అన్న. ఆదివారం కోటు వేసుకున్నాడు. చేతిలో టోపీ. రెండో చేతిలో పురికొస కట్టిన కాఫీ పొడి పొట్లం, దాని మీద పంచదార పొట్లం.

"ఏంటన్నా ఇది? తలుపు తీసే ఉందిగా, కొట్టడమేంటి కొత్తగా?"

"ఇవాళ మాయెస్త్రోగా వచ్చానమ్మా."

వంటింటి బల్ల దగ్గర కూచున్నాడు. అతను తెచ్చిన పొడితోనే కాఫీ పెట్టాను. ఆచారం అది. ఆ పొట్లం ఆ ఇంట్లోనే అయిపోవాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, వెనక్కి పంపకూడదు. కాఫీ ముందు పెట్టుకుని అడిగాడు:

"కొరాడో మెట్లు ఎలా ఎక్కేవాడు?"

"నీకు తెలియదా? రోజూ నీతో పేకాడి, నీ చేత తిట్లు తిని వచ్చేవాడు కదా!"

"నాకు తెలిసింది నాకొద్దు. నువ్వు చెప్పు."

"మనిషి ఎక్కినట్టే ఎక్కేవాడు. ఎగురుకుంటూ రావడానికి పిట్టా?"

అన్న నవ్వలేదు. ఎదురు చూశాడు. కాఫీ చల్లారిపోయింది, అయినా ఎదురు చూశాడు. అంత ఓపిక మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలియదు. మా మంత్రులకు అందులో చెంచాడు ఉన్నా దేశం బాగుపడేది. చివరికి నాకే నోరు ఊరుకోలేదు. కొరాడో పైమెట్టు దగ్గర ఆగేవాడని చెప్పాను. ఆయాసమో, లోపల నేను కోపంగా ఉన్నానో లేదో చెవి పెట్టి వినేవాడో, పెళ్ళైన నాటి నుంచీ నాకు తేలలేదని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. శవం దగ్గర కూడా అంత ఏడవలేదు. అన్న ఏమీ రాసుకోలేదు, ఒక్క కూనిరాగం తీయలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గుడ్ ఫ్రైడే నాడు కొరాడో బాణీలో చివరి స్వరానికి ముందు ఒక ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ తర్వాత డ్రమ్ము దెబ్బ నాది. కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఆ ఖాళీలో నా మొగుడు పైమెట్టు మీద నిలబడి చెవి పెట్టి వింటున్నాడు. కొడితే లోపలికి రాడేమోననిపించింది.

అన్న పద్ధతి అది.

ఆలివ్ కాయలు రాలుస్తున్న రోజుల్లో మా వదిన సెరఫీనా పోయింది. ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ బల్ల మీద తల వాల్చింది, అంతే. ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వారం పాటు వండి తెచ్చారు. తర్వాత ఎవరి పనులు వాళ్ళకి.

బూడిద బుధవారం నాడు ఎప్పటిలాగే వీధికి అడ్డంగా తాడు కట్టి నల్లబట్టల ముసలమ్మ బొమ్మను వేలాడదీశాం. దాని కింద ఒక నారింజపండు, దానికి గుచ్చిన కోడి ఈకలు. ఆదివారానికొక ఈక పీకుతాం, ఈకలన్నీ అయిపోతే ఈస్టర్. ఈకలు గుచ్చుతున్న ఆడవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు: "ఈసారి సెరఫీనా బాణీ కదా! ఊళ్ళోవాళ్ళ చావులకే అంతలా కట్టినవాడు, సొంత పెళ్ళానికి ఎలా కడతాడో చూడండి." ఈ ఏడు బాణీ ఎవరి పేరు మీద అని అడిగినవాళ్ళు లేరు. మాయెస్త్రో ఎవరింటికి వెళ్ళాలి అని అడిగినవాళ్ళూ లేరు. వెళ్ళడానికేముంది, ఆ ఇంట్లోనే ఉన్నాడుగా!

*

ఈకలు సగం పీకేసరికి కూడా బాణీ రాలేదు.

బ్యాండు సాధన చేసేది రేవులో పాత ఉప్పు గోదాములో. ఒక సాయంత్రం అక్కడికి రుజ్జియేరో వచ్చాడు. మందుల షాపు అతనిది. వ్యాకుల మాత సమాజానికి పెద్ద, అందరూ ప్రియోర్ గారూ అంటారు. నేను అనను. ఒకే బెంచీ మీద కూచుని ఒకే పంతులమ్మ చేత దెబ్బలు తిన్నాం.

"మాయెస్త్రో, బాణీ ఎంతవరకు వచ్చింది?"

"వస్తోంది" అన్నాడు అన్న.

"పోయిన వారమూ వస్తోందన్నారు. ఏం, మిలాన్ నుంచి నడిచొస్తోందా?"

నలుగురు నవ్వారు. రుజ్జియేరో ఫోను తీసి నా డ్రమ్ము మీద పెట్టాడు.

"నా డ్రమ్ము మీద నీ సామాను పెట్టకు రుజ్జే. అది నీ కౌంటరు కాదు."

"ఇమ్మా, ఒక్క నిమిషం. విను, విన్నాక తిట్టు."

ఫోనులోంచి శోకబాణీ మొదలైంది. పూర్తి బ్యాండు. బాకాలు, క్లారినెట్లు, కింద డ్రమ్ము. అబద్ధం చెప్పను, బాగానే ఉంది. తప్పు పట్టడానికి చెవులు రిక్కించి విన్నాను, దొరకలేదు. పక్కకు చూస్తే మా పెద్ద బాకా వాయించే దొనాతో, చేపల కొట్టు దొనాతో, కాలు కదుపుతున్నాడు.

"ఏంట్రా దొనాతో, కాలాడిస్తున్నావ్?"

"నేనాడించట్లేదక్కా. అదే ఆడుతోంది."

రుజ్జియేరో ఫోను ఆపాడు. "దీన్ని ఫోనులో ఉండే యంత్రం ఒక్క నిమిషంలో కట్టింది. పోయినవాళ్ళ పేరు, మూడు మాటలు చెబితే చాలు. పక్క ఊళ్ళో పోయినేడు దీంతోనే కట్టించారు. జనం ఏడ్చారు."

"పక్క ఊరి వాళ్ళు వంకాయ ధర పెరిగినా ఏడుస్తారు."

"ఇమ్మా, నేనేమన్నా మీ అన్నకు శత్రువునా? మోసేవాళ్ళు అడుగులు సాధన చెయ్యొద్దా? విగ్రహం ఎంత బరువో నీకు తెలుసు. కొత్త బాణీకి అడుగు తప్పితే తల్లి కిందపడుతుంది. అసలు నీకెందుకంత మంట? మీ షెడ్డులో ద్రాక్ష ఏరే యంత్రం వచ్చినప్పుడు గేటు ముందు పడుకున్నావు. ఏమైంది? ద్రాక్ష చెడిపోయిందా?"

"లేదు. ద్రాక్ష భేషుగ్గా ఉంది. మేమే పోయాం."

రుజ్జియేరో నన్ను వదిలేసి అన్న వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు, మందు ఎలా వేసుకోవాలో రోగికి చెప్పే గొంతు అది.

"మాయెస్త్రో, మీ ఒంట్లో బాగోలేదు, నాకు తెలుసు. దీన్ని మీ ఫోన్లో పెట్టి ఇస్తాను. ఊరికే చూడండి. కావాలంటే దిద్దుకోండి. మీ పేరే వేద్దాం, ఎవరికి తెలుస్తుంది?"

అన్న తన ఫోను తీసి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో నాకు అర్థం కాలేదు. అంతకు రెండేళ్ళ ముందు కూడా రుజ్జియేరో ఇలాగే మెత్తగా వచ్చి, నాన్న బాణీలు, అన్న బాణీలు అన్నీ ఎలుకలు కొట్టేయకుండా భద్రం చేస్తామని కట్టలు కట్టలు తీసుకెళ్ళి ఫొటోలు తీయించాడు. అప్పుడు కూడా అన్న ఇలాగే ఇచ్చాడు.

"మట్టల ఆదివారానికి బాణీ ఇస్తాను" అన్నాడు అన్న. "నేనే ఇస్తాను."

"మట్టల ఆదివారం దాటితే యంత్రం బాణీయే."

"దాటదు" అన్నాను నేను.

*

నాకు చేతనైనదొకటే పని. మర్నాడే మొదలుపెట్టాను.

షెడ్డు వెనక, ఖాళీ పెట్టెల మధ్య మీటింగు. బ్యాండు వాళ్ళు, షెడ్డు ఆడవాళ్ళు, వలల సంఘం వాళ్ళు వచ్చారు. పెట్టె మీదెక్కి నిలబడ్డాను.

"ఏడవడానికి కూడా యంత్రం పెడతారట! రేపు మన బదులు చావడానికి కూడా ఒకటి కొంటారు. మనం ఇంట్లో కూచుని చూద్దాం."

"నాకు చచ్చే ఓపిక లేదే ఇమ్మా" అని వెనక నుంచి తెక్లా అరిచింది. ఆమెకు ఎనభై దాటాయి. "అది కొంటే ముందు నా పేరు రాయించు."

జనం పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళు సంతకం పెడతారు, అది నా అనుభవం. పెట్టారు. తీర్మానం సూటిగా రాశాం: మాయెస్త్రో పాంతలేయో కట్టిన బాణీ తప్ప బ్యాండు ఇంకేదీ వాయించదు. యంత్రం బాణీ పెడితే వాయిద్యాలు నేల మీద పెట్టేస్తాం. తల్లి నిశ్శబ్దంలో నడుస్తుంది. విగ్రహం మోసేవాళ్ళలో సగం మంది కూడా సంతకం చేశారు. రుజ్జియేరో సొంత బావమరిది చేశాడు.

రోజూ అన్న ఇంటికి వెళ్ళేదాన్ని. చిక్కుడుపప్పు, చేదాకు కూర తీసుకెళ్ళేదాన్ని. అన్న వంటింటి బల్ల దగ్గర, వదిన తల వాల్చిన ఆ బల్ల దగ్గరే కూచుని ఉండేవాడు. ముందు గీతల కాయితాలు, వాటి మీద ఒక్క చుక్క ఉండేది కాదు.

ఒకరోజు వెళ్ళేసరికి నన్ను చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇమ్మా, నిన్న పొద్దున వంటింట్లో చెప్పు చప్పుడైంది."

"ఎలుకయ్యుంటుంది. మందు పెట్టు. ముందు ఇది చూడు, వలల సంఘం మొత్తం సంతకాలు పెట్టేశారు!"

కాయితం చూశాడు. ఒక్కొక్క పేరూ చదివాడు, చిన్నపిల్లలు చదివినట్టు వేలు పెట్టి.

"ఇంతమందా?" అన్నాడు.

"ఊరంతా నీ వెనకే ఉంది. నువ్వు రాయడమే తరువాయి. కూర చల్లారకముందే తిను."

నాకు ఇంకా రెండు వీధులు తిరగాల్సి ఉంది. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

*

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం పూజ అయ్యాక అందరం చేతుల్లో ఆలివ్ కొమ్మలతోనే గోదాముకు వచ్చాం. రుజ్జియేరో ముందే వచ్చి నిలబడ్డాడు. అన్న ఆలస్యంగా వచ్చాడు. చంకలో కాయితాల కట్ట. ఎవరి వైపూ చూడకుండా ఎవరి భాగం వాళ్ళకు పంచాడు. అతని చేతిరాతే. తలలు కొంచెం ఎడమకు వాలిన స్వరాలు, మా నాన్న రాత కూడా అలాగే ఉండేది.

"నాదేది?" అన్నాను.

"నీకు కనుబొమ్మ" అన్నాడు.

మొదలుపెట్టాం. మొదట కింది క్లారినెట్లు. ఒక అడుగు నిలబడి, రెండోది నేలను రాసుకుంటూ వచ్చింది. మళ్ళీ ఒకటి నిలబడింది, ఒకటి రాసుకుంది. పైన సన్న బాకా ఏదో పాడుతోంది గానీ నేను వినలేదు. నా చెవులన్నీ కింద ఆ ఈడుపు మీదే.

దొనాతో వాయించడం ఆపేశాడు.

"సెరఫీనా!" అన్నాడు పైకే. "ఇది సెరఫీనా చెప్పు!"

వదిన ఎడమకాలి చెప్పు పట్టీ ఎప్పుడూ తెగి ఉండేది. కుట్టించుకోమంటే రేపనేది. చేపల కొట్టు సందులోకి ఆమె తిరగకముందే ఆ చప్పుడు తిరిగేది. దొనాతో ఆమెకోసం దాచిన చేపను బల్ల కింద నుంచి తీసి పైన పెట్టేవాడు. ఊరందరికీ తెలిసిన చప్పుడు. ఎవరూ అది ఒక చప్పుడని ఎప్పుడూ అనుకోలేదు.

మళ్ళీ మొదటి నుంచి వాయించాం. మధ్యలో ఒకచోట బాణీ ఎక్కిళ్ళు వచ్చినట్టు తడబడింది. అది ఆమె నవ్వు. వదిన పెద్దగా నవ్వేది కాదు, నవ్వితే ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయేది. క్లారినెట్ ముసలాయన కళ్ళజోడు తీసేసి గుర్తున్నంతవరకు వాయించాడు. నేను డ్రమ్ము కొడుతున్నానో నల్లగుడ్డ మీద చెయ్యి ఆనిస్తున్నానో నాకే తెలియలేదు.

అయిపోయాక రుజ్జియేరో అన్న దగ్గరికి వచ్చాడు.

"మాయెస్త్రో, క్షమించండి. యంత్రం దీని కాలిగోటికి సరిపోదు."

"ఇప్పుడన్నావ్ మాట!" అని నేను అతని వీపు మీద ఒకటి చరిచాను, స్నేహంగానే, కొంచెం గట్టిగా. షెడ్డులో ఓడిపోయాక నాకు దొరికిన మొదటి గెలుపు అది.

అన్న కాయితాలు సర్దుకుంటున్నాడు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి వీచింది. మోసేవాళ్ళు ఊగుతూ అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చారు. అన్న ఇంటి ముందు తల్లి ఆగింది. కిటికీ గట్టు మీద ఆచారం ప్రకారం నూనె దీపం పెట్టి ఉంది. మాయెస్త్రో ఎప్పుడూ పోయినవాళ్ళ ఇంటి వైపు మొహం పెట్టి బ్యాండును నడిపిస్తాడు. ఆ రోజు అన్న గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. తట్టుకోలేక అనుకున్నాం.

చెప్పు ఈడుపు మొదలైంది. వీధి వీధంతా గుర్తుపట్టింది. తెక్లా మోకాళ్ళ మీద కూలబడింది, లేపబోతే చెయ్యి విదిలించుకుంది. బాణీ ముగిశాక ఆమె గొంతు ఒక్కటే వినపడింది: "పాంతలే, పెళ్ళాన్ని నడిపించుకొచ్చావు నాయనా!"

రుజ్జియేరో వంగి అన్న చెయ్యి ముద్దుపెట్టుకోబోయాడు. అన్న వేడి మూకుడు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

*

శనివారం పొద్దున ఈస్టర్ రొట్టె తీసుకుని వెళ్ళాను. మధ్యలో గుడ్డు పొదిగిన జడ రొట్టె, వదిన చేసేది, ఈసారి నేను చేశాను. అడుగు మాడింది. అన్న సింకు దగ్గర నిలబడి ఒకే కప్పును కడుగుతున్నాడు.

"పక్క ఊరి నుంచి కబురొచ్చింది! వాళ్ళ బ్యాండు కూడా మనలాగే తీర్మానం చేస్తుందట. యంత్రాన్ని అవతల పారేస్తారట. మేడే రోజున నువ్వొచ్చి పెట్టె మీద నిలబడి రెండు ముక్కలు మాట్లాడాలి."

"అది నాది కాదమ్మా" అన్నాడు.

"ఏది?"

"బాణీ."

నీళ్ళు ఆపాడు. కప్పు బోర్లించాడు. నేను రొట్టె బల్ల మీద పెట్టాను.

"రుజ్జియేరో ఫోన్లో పెట్టాడు కదా. అదేంటో చూద్దామని తెరిచాను. శత్రువు మొహమైనా చూడాలి కదా అని. తెరవగానే, ఎవరి కోసం అనడిగింది. సెరఫీనా కోసం అన్నాను. ఆమె గురించి చెప్పండి అంది. మూడు మాటలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. ఇంకా చెప్పండి అంది. ఎలా నడిచేవారు అంది."

"యంత్రం అడిగిందా?"

"చెప్పు సంగతి చెప్పాను. నవ్వు సంగతి చెప్పాను. ఉల్లిపాయ తరిగేటప్పుడు కళ్ళు మూసుకుని తరిగేది, అదీ చెప్పాను. పొద్దుగూకేదాకా చెప్పాను ఇమ్మా. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అయ్యాక, దగ్గి గొంతు సవరించుకునేంతలో బాణీ ఇచ్చేసింది. తర్వాత వారమంతా కూచుని నా చేత్తో రాసుకున్నాను, నాదేమోనని. కాలేదు."

"దొంగతనం! అందుకే మన కాయితాలన్నీ పట్టుకుపోయాడు. అది కట్టిందా, మన ఇంట్లోదే ఎత్తుకెళ్ళి..."

"అవును, ఎత్తుకెళ్ళిందే. సన్న బాకా పాడేది నాన్నది. ముగింపు, ఎప్పుడో వల చుట్టుకుని పోయిన ఒక కుర్రాడి కోసం నేను కట్టినదే, తిప్పి వేసింది. పక్క ఊళ్ళ చచ్చిన మాయెస్త్రోలందరూ ఉన్నారు అందులో. అందరినీ తిని కూచుంది."

"అయితే బయటపెడదాం! రుజ్జియేరోని చర్చి మెట్ల మీద నిలబెట్టి అడుగుతాను!"

"బయటపెట్టి? నిన్న ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు వెనక్కి ఇమ్మంటావా?"

పోలీసులకు చెప్పాను, యజమానులకు చెప్పాను, బిషప్పుకు చెప్పాను జవాబు. ఇక్కడ మాత్రం రొట్టె మాడిన అడుగును గోటితో గీకాను.

"మరి నాకెందుకు చెప్పలేదన్నా ముందే? ఒక్కమాట చెబితే..."

అన్న అలమర వైపు చూశాడు. అక్కడ పాత కాఫీ డబ్బా ఒక్కటే ఉంది.

"దానికి కాఫీ పొట్లం తేవాలని తెలియదు పాపం" అన్నాడు. "అయినా అడిగింది."

తర్వాతి సంగతులు చెప్పి ముగిస్తే ఊరేగింపు కథ అవుతుంది గానీ మా ఇంటి కథ కాదు. కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అన్న మళ్ళీ బాణీ కట్టలేదు. మరుసటి ఏడు నుంచి రుజ్జియేరో ఫోనే కడుతోంది, అన్న తప్పులు దిద్దేవాడు, తప్పులుండేవి కావు. సెరఫీనా బాణీ ప్రతి ఏడూ వాయిస్తాం, అందరూ అడిగేది అదే. యంత్రాల మీద తగువు వచ్చినప్పుడల్లా దొనాతో బల్ల గుద్ది, "ఏదీ, సెరఫీనా బాణీ లాంటిది ఒక్కటి కట్టమను చూద్దాం!" అంటాడు. నేను డ్రమ్ము మీద నల్లగుడ్డ సర్దుకుంటాను. పోయినేడు అన్న కూడా పోయాడు. రుజ్జియేరో ఫోనుకు మూడు మాటలు చెప్పాడట: మాయెస్త్రో, ఒంటరివాడు, మంచివాడు. బాణీ బాగుందన్నారు. నేను ఆ రోజు డ్రమ్ము ఎత్తుకోలేదు.

ఆ శనివారం మాత్రం నేను లేచి బయటికి వచ్చేశాను. పండగ ముందు రోజు, కొట్లన్నీ కిటకిటలాడుతున్నాయి. వరసలో నిలబడి కాఫీ పొడి కొన్నాను, పంచదార కొన్నాను. పురికొస కట్టమంటే కొట్టువాడు, "ఎవరు పోయారక్కా?" అన్నాడు. ఇంటికెళ్ళి నల్ల కోటు వేసుకున్నాను. వచ్చి, తీసి ఉన్న తలుపు తట్టాను.

అన్న గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలోవి చూశాడు. పక్కకు తొలగి దారి ఇచ్చాడు.

బల్ల దగ్గర కూచున్నాను. పురికొస విప్పి, నా పొడితోనే కాఫీ పెట్టాడు. ఎదురుగా కూచున్నాక అడిగాను:

"అన్నా, వదిన ఎలా నడిచేది?"

ఎదురు చూశాను. అతని దగ్గర నేర్చుకున్నట్టే, కదలకుండా ఎదురు చూశాను. నోరు తెరిచాడు. ఏదో వెతికాడు, కళ్ళతో, బల్ల మీద, నేల మీద, వంటింటి గడప దాకా. మళ్ళీ నా వైపు చూశాడు. సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

"చెప్పేశానమ్మా" అన్నాడు.

కాఫీ తాగాడు, చుక్క మిగల్చకుండా. తర్వాత పొట్లం అంచులు జాగ్రత్తగా మడిచాడు. పంచదార పొట్లం దాని మీద పెట్టి, పురికొస చుట్టి, ముడి వేసి, బల్ల మీద నా వైపు తోశాడు.

"ఇంకెవరింటికైనా పట్టుకెళ్ళు."